కొండమీది ఊళ్ళు, కొండకింది పట్నం
(సమాఖ్య వార్షిక మహాసభలో అనంతగిరి కొండ సంఘాల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఉదయమే అయిపోయేయి. ఇప్పుడు మీ కొండ ఊళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. పట్నం అక్కలు మమ్మల్ని చూసినప్పుడల్లా అడిగేది ఒకటే: "మీరు ఆ కొండల మీద ఎలగుంటారమ్మా?" బొర్రా గుహలు చూడ్డానికి వచ్చినవాళ్ళకి మేం బొంగులో చికెన్ అమ్మేవాళ్ళం, అనాసపళ్ళు కోసిచ్చేవాళ్ళం, రిసార్టు ముందు థింసా ఆడేవాళ్ళం. అంతకుమించి మేం ఎవరమో చాలామందికి తెలీదు. మీది తప్పని కాదు. బస్సు ఎక్కి పొద్దున్న వచ్చి సాయంత్రం దిగిపోయేవాళ్ళకి ఊరు కనపడదు, రోడ్డే కనపడుతుంది. అందుకని రోడ్డు దిగి, లోపలికి తీసుకెళ్ళి చూపించినట్టు చెప్తాం.

మా ఊళ్ళు ఎక్కడున్నాయంటే

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాటేక ఘాటీ మొదలవుతుంది. అక్కడినుంచి అనంతగిరి, పక్కన బొర్రా, పైన గాలికొండ, దాటితే అరకు లోయ. తూర్పు కనుమలంటారు పుస్తకాల్లో. మాకు మాత్రం ప్రతి కొండకీ విడిగా పేరుంది, ప్రతి గెడ్డకీ పేరుంది. 2022 ఏప్రిల్ 4 దాకా మేం కూడా విశాఖపట్నం జిల్లావాళ్ళమే. ఆ రోజునుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యింది. జిల్లా పేరు మారింది గాని, ఆస్పత్రికి, కాలేజీకి, కోర్టుకి మేం దిగేది ఇంకా ఈ పట్నానికే.

మా ఊరంటే పాతిక ముప్పై గడపలు. కొన్నిచోట్ల పది గడపలే. అటు పది, ఇటు పదిహేను, మధ్యలో గెడ్డ. ఇలాంటివి కొన్ని కలిస్తే ఒక పంచాయతీ. పొలం మూడు రకాలు. గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా కట్టుకున్న పల్లం, అందులో వరి. ఇంటి చుట్టూ గరువు, అందులో చోళ్ళు, వలిసెలు, పసుపు, అల్లం. పైన కొండపోడు, అందులో సామలు, కొర్రలు, కందులు, చిక్కుళ్ళు. ఒకే పోడులో నాలుగైదు రకాలు కలిపి జల్లుతాం. వాన ఎక్కువైతే ఒకటి పోతుంది, తక్కువైతే ఇంకొకటి పోతుంది, అన్నీ ఒకేసారి పోవు. బీమా అన్న మాట తెలియని రోజుల్లో మా ముసలమ్మలు పెట్టుకున్న బీమా అది.

బొర్రా అంటే కన్నం. సున్నపురాయిని వేల ఏళ్ళు నీరు తొలిస్తే ఏర్పడ్డ గుహ, సుమారు 80 మీటర్ల లోతు. మేత మేస్తున్న ఆవు పైనున్న కన్నంలోంచి లోపల పడిపోతే, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనపడిందని మా పెద్దలు చెప్పే కథ. శివరాత్రికి ఊళ్ళకు ఊళ్ళు అక్కడికి కదులుతాయి. ఆ కొండల్లోంచే గోస్తనీ నది పుడుతుంది. గోస్తనీ మీద 1960ల్లో తాటిపూడి రిజర్వాయరు కట్టేరు. అక్కడినుంచి పైపుల్లో నీళ్ళు వచ్చేది ఈ విశాఖపట్నానికే. ఈ హాల్లో కూర్చున్న అక్కల్లో కొందరి బిందెల్లోకి వచ్చేది మా కొండ నీరే. కాబట్టి మనం ఈరోజే కలుసుకున్న చుట్టాలం కాదు.

మేం ఎవరం

పట్నంలో అందరినీ కలిపి "గిరిజనులు" అనేస్తారు. మాలో కొండదొరలున్నారు, నూకదొరలున్నారు, బగతలు, కోటియాలు, వాల్మీకులు, గదబలు, పోర్జలు, కోదులు, కమ్మరులు ఉన్నారు. ఒక సంతలో నిలబడితే తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి, గదబ, పోర్జ భాషలు వినిపిస్తాయి. కొండదొరల సొంత భాషను కూబి అంటారు. దానికి లిపి లేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారనే పెద్ద భాషా పండితుడు ఆ భాష మీద పరిశోధన చేసి 1969లో పుస్తకమే వేసేరు. తెలుగుకి అక్కచెల్లెలి వరస అవుతుందని అందులో తేలింది. గదబల్లో ఒక శాఖ మాట్లాడే గుటోబ్ భాష మాత్రం ఆ కుటుంబానిదే కాదు, ముండా భాషల కోవలోది. అంటే ఒక చిన్న కొండ ఊళ్ళో పక్కపక్క ఇళ్ళల్లో, వేల ఏళ్ళ కిందట వేరువేరు దారుల్లో వచ్చిన రెండు భాషలు ఒకే పొయ్యి నిప్పు పంచుకుంటున్నాయన్నమాట. గదబ ఆడవాళ్ళు ఒకప్పుడు చెట్టు నార తీసి, రంగులు వేసి, చారల గుడ్డ సొంతంగా నేసుకునేవారు. దాన్ని కెరంగ్ గుడ్డ అనేవారు. ఇప్పుడు నేసేవాళ్ళు దొరకడం కష్టం.

ఊరికి ఒక నాయుడు ఉంటాడు, తగవులు తీరుస్తాడు. బారిక ఉంటాడు, ఊరి కబురు ఇంటింటికీ చేరేస్తాడు. దిసారి మంచి రోజు చూస్తాడు, విత్తనం ఎప్పుడు జల్లాలో చెప్తాడు. కొత్త పంట ఏదొచ్చినా దానికి పండగ చేయకుండా తినం. మామిడికొత్త, సామకొత్త, చిక్కుడుకొత్త అని ఒక్కోదానికీ ఒక్కో పండగ. కొత్త పండగ కాకుండా మామిడికాయ కోయకూడదంటే పట్నం పిల్లలు మూఢనమ్మకం అంటారు. కాయ ముదరకుండా కోయకూడదు, టెంక రాలి మొలవాలి, ఊరంతా ఒకేసారి తినాలి. ఈ మూడూ అందులో ఉన్నాయి.

చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకి పోతారు. ఏమీ తేకుండా ఉత్తచేతులతో దిగినవాళ్ళకి ఆడవాళ్ళం పేడనీళ్ళతో స్వాగతం చెప్తాం. ఏడాదిలో ఆ నాలుగు రోజులు మాటకి మాట అనే హక్కు ఆడదానిదే. రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బళ్ళ దగ్గర పండగ డబ్బులు వసూలు చేసేదీ ఆడవాళ్ళమే. ఇక థింసా. మోరి, కిరిడి, తుడుము, డప్పు మోగుతుంటే, ఒకరి వీపు వెనకనుంచి ఇంకొకరి చేయి పట్టుకుని వరసగా ఆడతాం. చేయి వదిలితే వరస తెగుతుంది. పెళ్ళికి కట్నం ఇవ్వడం మాలో ఉండేది కాదు. అబ్బాయి వైపువాళ్ళే అమ్మాయి ఇంటికి ఓలి ఇచ్చుకునేవారు. ఇప్పుడు ఉద్యోగం ఉన్న కుర్రాడంటే కట్నం మాట కొండమీద కూడా వినపడుతోంది. కిందనుంచి పైకి ఎక్కినవన్నీ మంచివే అని మేం అనుకోవడం లేదు.

పన్ను, వెట్టి, ఫితూరీ

మా చరిత్ర బళ్ళో చెప్పిన చరిత్ర కాదు. కొంత పెద్దలు చెప్పింది, కొంత చట్టాల్లో మిగిలింది. జమీందార్ల కాలంలో కొండ ఊళ్ళను ముఠాలుగా చేసి ముఠాదార్లకు అప్పగించేరు. వాళ్ళు శిస్తు వసూలు చేసి పైకి కట్టాలి. కొండవాళ్ళు శిస్తుతోపాటు పన్లూ చేయాలి, కావిళ్ళూ మొయ్యాలి. 1839లో ఇంగ్లీషువాళ్ళు గంజాం, విశాఖపట్నం కొండలకు విడిగా ఒక చట్టం చేసి, కలెక్టరునే గవర్నరుకి ఏజెంటుగా పెట్టేరు. ఈరోజుకీ మమ్మల్ని "ఏజెన్సీ వాళ్ళు" అంటారే, ఆ మాట అక్కడినుంచి వచ్చిందే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా పోడు కొట్టుకున్న కొండ తెల్లారేసరికి రిజర్వు అయిపోయింది. వంటకి పుల్లలు తెచ్చుకోడం కూడా నేరమైపోయింది.

కిందనుంచి ఉప్పు, ఎండుచేప, గుడ్డ తెచ్చే వర్తకులు ఎప్పుడూ ఉండేవారు. ఉప్పు లేకుండా ఎవరూ బతకలేరు కదా. ఒక కుంచం ఉప్పుకి ఎన్ని కుంచాల చింతపండు అన్నది వర్తకుడి నోటి మాటే. ఆ ఏడాది తీరని బాకీ మరుసటి ఏడాదికి రెట్టింపు అవుతుంది. బాకీ తీర్చలేనివాడు షావుకారు ఇంట్లో పాలేరుగా ఉండాలి, దాన్ని గొత్తి అనేవారు. తండ్రి గొత్తి కొడుక్కి వచ్చేది. ఆఖరికి భూమి షావుకారు చేతికి వెళ్ళేది. మన సంఘాల్లో మొట్టమొదట నేర్పింది ఏంటి? వడ్డీ లెక్క కాగితం మీద రాసుకోవాలని. ఆ లెక్క రాకపోవడం వల్లే మా తాతల భూములు కుంచం ఉప్పుకి పోయేయి.

ఊరుకున్నారా? ఊరుకోలేదు. 1900లో పాచిపెంట వైపు కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర చుట్టూ వేలమంది చేరేరు. వెదుర్లు తుపాకులవుతాయని నమ్మేరు. వెదుర్లు తుపాకులు కాలేదు, పోలీసులవి మాత్రం నిజం తుపాకులే. జనం చనిపోయేరు, మల్లయ్య జైల్లో పోయాడు. తర్వాత 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. సినిమాల్లో రాజుగారిని చూసేం. ఆ ఫితూరీకి కారణం ఏంటో సినిమాలో తక్కువ చూసేం. పోడు మానిపించడం, నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పనికి జనాన్ని కూలీ సరిగా ఇవ్వకుండా తోలడం. అంటే కడుపు కోత, కూలి కోత. 1924 మేలో రాజుగారిని కొయ్యూరు దగ్గర కాల్చేసేరు. ఆయనతో ఉన్న గాం గంటందొర కూడా పోయాడు. తమ్ముడు గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో మొదటి ఎన్నికల్లో ఇదే విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యేడు. ఈ పట్నం ఓట్లు కూడా అందులో ఉన్నాయి. అది మీకు చెప్పుకోదగ్గ గొప్పే.

ఆ పోరాటాలకి ఫలితం నెమ్మదిగా వచ్చింది. కొండవాళ్ళ భూమి ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్ళకి పోకూడదని 1917లోనే చట్టం ఉంది, అమలు మాత్రం లేదు. స్వతంత్రం వచ్చేక 1959లో 1వ నంబరు రెగ్యులేషను, దాన్ని గట్టి చేస్తూ 1970లో మళ్ళీ 1వ నంబరు రెగ్యులేషను వచ్చేయి. దీన్నే మేం "వన్ ఆఫ్ సెవెంటీ" అంటాం. చదువు రాని ముసలమ్మకి కూడా మా దగ్గర ఈ పేరు తెలుసు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనుల నుంచి గిరిజనేతరులకి అమ్మినా, రాసిచ్చినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనులదే అని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ముఠాదారీ కూడా 1969 రెగ్యులేషనుతో రద్దయ్యింది.

రైలు వచ్చింది

1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేసేరు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకి చేర్చి, జపాన్‌కి పంపడానికి వేసిన లైను అది. యాభైకి పైగా సొరంగాలు తొలిచేరు. మా షిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది, దేశంలో బ్రాడ్‌గేజి మీద అన్నిటికంటే ఎత్తయిన స్టేషనుగా చాన్నాళ్ళు పేరుండేది. పెద్ద పెద్ద ఓడలు రావడానికి 1976లో ఇక్కడ ఔటర్ హార్బర్ తెరిచేరు. ఉక్కు కర్మాగారం వచ్చేక దానికి కావాల్సిన ఖనిజం కూడా అదే లైను మీద దిగుతోంది. మా ఇళ్ళ ముందునుంచి రాత్రి పగలు గూడ్సు బళ్ళు పోతాయి. ఖనిజం రైలెక్కింది, మనుషులకి మాత్రం చాన్నాళ్ళు ఒక ప్యాసింజరే. దానికే 2017లో అద్దాల పెట్టె తగిలించేరు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి బాగుంది. పసుపు బస్తా వేసుకుని దిగేవాళ్ళకి మాత్రం ఆ ఇరుకు పెట్టెలే.

రైలు వల్ల మాకేమీ రాలేదని అనం. ఆస్పత్రికి దారి దొరికింది, పిల్లలు చదువుకి దిగేరు, మా అల్లం పట్నం మార్కెట్టు చూసింది. మా మాట ఒక్కటే. కొండనుంచి కిందకి దిగినవి చూడండి: ఇనుము దిగింది, గోస్తనీ నీరు దిగింది, 1955లో మొదలైన మాచ్‌ఖండ్ నుంచి కరెంటు దిగింది. మాచ్‌ఖండ్ కోసం జలాపుట్ జలాశయంలో మునిగినవి కొండ ఊళ్ళే. ఆ కరెంటు తీగలు మా నెత్తిమీద నుంచి పోతుంటే, మా ఊళ్ళల్లో చాలా ఏళ్ళు కిరసనాయిలు బుడ్డే వెలిగింది.

ఇందులో కొండ వేరు, పట్నం వేరు అని గీత గీయడం లేదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం కదిలినప్పుడు ఈ పట్నంలో తుపాకీ కాల్పులకి ప్రాణాలు పోయేయి. 1971 జనవరి 20న శంకుస్థాపన అయ్యింది, 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేరు. ఆ భూమి ఎవరిది? ఈ సభలో గాజువాక, అగనంపూడి, వడ్లపూడి వైపు కాలనీల నుంచి వచ్చిన అక్కలున్నారు. మీ ఊళ్ళు ఆ కర్మాగారం కింద ఉన్నాయి. మీ ఇళ్ళల్లో ఆర్ కార్డు జాగర్తగా దాచుకున్న పెట్టె ఉంటుంది. భూమి పోతే ఎలాగుంటుందో మేం మీకు చెప్పక్కర్లేదు, మీరే మాకు చెప్పాలి.

నిమ్మలపాడు

ఇప్పుడు మా కొండలకి దేశమంతా పేరు తెచ్చిన సంగతి చెప్తాం. అనంతగిరి మండలంలో నిమ్మలపాడు అని చిన్న ఊరు. బొర్రా దగ్గరే. ఆ నేలలో కాల్సైటు రాయి ఉంది. ప్రభుత్వం అక్కడి భూమిని ఒక ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకి ఇచ్చింది. ఊరివాళ్ళు అడిగింది ఒకే ప్రశ్న. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదని చట్టం ఉన్నప్పుడు, మధ్యలో ప్రభుత్వం చేతులమీదుగా పోతే చెల్లుతుందా?

సమత అనే సంస్థ ఊరివాళ్ళతో నిలబడి కోర్టుకి వెళ్ళింది. హైకోర్టులో గెలవలేదు. సుప్రీంకోర్టుకి వెళ్ళేరు. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. చట్టంలో "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుంది. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమైనా సరే ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదు. ఖనిజం తవ్వాలంటే ప్రభుత్వ సంస్థ తవ్వొచ్చు, లేదా గిరిజనులే, వాళ్ళ సహకార సంఘాలే తవ్వుకోవచ్చు. మళ్ళీ విచారించమని అడిగినా కోర్టు ఒప్పుకోలేదు. దేశంలో ఎక్కడ గిరిజన భూమి కేసు నడిచినా "సమత తీర్పు" అన్న మాట వస్తుంది. దాని పుట్టిల్లు మా కొండ.

తీర్పు వచ్చిందని నిద్రపోలేం. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, ఆ పైన జెర్రెల, ఈ కొండల నెత్తిన బాక్సైటు ఉంది. బాక్సైటు ఉన్న నేల వాన నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. మా ఊట గెడ్డలు వేసంగిలో కూడా పారుతున్నాయంటే దానివల్లే. ఆ నెత్తి తీసేస్తే కింద పల్లం ఎండుతుంది, గోస్తనీ చిక్కిపోతుంది. 2015లో జెర్రెల కొండల అటవీ భూమిని తవ్వకానికి ఇస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. కొండ ఊళ్ళన్నీ లేచేయి. 2019లో అది రద్దయ్యింది. ఇప్పుడు పెదకోట దగ్గర నీళ్ళు పైకి తోడి కిందకి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు మాట నడుస్తోంది. వద్దు అనడానికైనా, కావాలి అనడానికైనా ముందు ఆ ఊళ్ళ గ్రామసభని అడగాలి. 1996 పెసా చట్టం చెప్పేది అదే. రాష్ట్రంలో 2011లో దానికి నియమాలు కూడా వచ్చేయి. గ్రామసభ అంటే సర్పంచి ఇంటి దగ్గర సంతకాల పుస్తకం తిప్పడం కాదు.

కాఫీ, సంత, సంఘం

పోడు కొట్టిన కొండల మీదే మెల్లగా కాఫీ వచ్చింది. మొదట అటవీ శాఖ, తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు మొక్కలు ఇచ్చేయి. నీడకి సిల్వర్ ఓక్, దాని మొదట్లో మిరియాల తీగ, కింద కాఫీ. 2017లో పారిస్‌లో అరకు కాఫీ కొట్టు తెరిచేరు, 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. పండు ఎర్రబడిందో లేదో చూసి ఒక్కొక్కటే కోసేది ఎవరు? నవంబరు నుంచి చలిలో తెల్లారకుండా బుట్ట నడుముకి కట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళం. తొక్క తీసేది, కడిగేది, ఎండబెట్టేది మేమే. డబ్బులు పడేది మాత్రం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలో.

ఒక్క కాఫీనే నమ్ముకోవడం కూడా మంచిది కాదు. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. తోటంతా ఒకే పంట అయితే పురుగుకి పండగే. అందుకే చోళ్ళు, సామలు, పసుపు వదలొద్దని మా సంఘాల్లో తీర్మానం చేసుకున్నాం.

సంత దగ్గర మా కష్టం ఇంకా పూర్తిగా తీరలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, పెట్టేక చింతపండు, తేనె, కరక్కాయ, అడ్డాకు కొనడానికి ఒక ధర అంటూ వచ్చింది. అయినా డిపో దూరం, బస్తా బరువు, వర్షం. ఊరి పొలిమేరలో కాటా పట్టుకుని నిలబడ్డవాడికే సరుకు పోతుంది. సంఘాలు వచ్చేక మారింది ఏంటంటే, ఆపదకి షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకోవాల్సిన పని తగ్గింది. అడ్వాన్సు తీసుకున్న చేతికి ధర అడిగే నోరు ఉండదు. పొదుపు వల్ల మొదట వచ్చింది డబ్బు కాదక్కా, నోరు వచ్చింది.

పట్టా మీద ఎవరి పేరు

ఈ ప్రసంగంలో మీరు మరిచిపోకూడనిది ఇదే, కొండ సంఘాల అక్కలు మరీ ముఖ్యంగా వినండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందునుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు పత్రం ఇవ్వాలి. పెళ్ళయినవాళ్ళయితే ఆ పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఒంటరి ఆడది ఇంటి పెద్ద అయితే ఆమె ఒక్క పేరునే ఇవ్వాలి. అది వారసులకి వస్తుంది. అమ్మడానికి, ఇంకొకరికి రాసివ్వడానికి మాత్రం వీల్లేదు. ఎవరైనా కాగితం తాకట్టు పెట్టించుకుని అప్పు ఇస్తానంటే, అది చెల్లని మాట అని గట్టిగా చెప్పండి.

చింతపండు, తేనె, అడ్డాకు, వెదురు లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద కూడా అదే చట్టం హక్కు ఇచ్చింది. ఊళ్ళో అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకి తక్కువ కాకుండా ఆడవాళ్ళు ఉండాలి. హక్కుల మాట తేల్చే గ్రామసభకి ఊరి సభ్యుల్లో సగంమంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. మనం లేకపోతే ఆ సభ చెల్లదు. వంట ఉంది, గొడ్లున్నాయి అని ఇంట్లో ఉండిపోతే, మన సంతకం లేని తీర్మానం మన కొండ మీదే అమలవుతుంది.

మనం కలిసి చేయాల్సినవి

కొండ సంఘాల తరఫున నాలుగు మాటలు ఈ మహాసభ ముందు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి గ్రామ సమాఖ్యలో హక్కు పత్రాల జాబితా రాయాలి. ఎవరి ఇంట్లో పత్రం ఉంది, దాని మీద భార్య పేరు ఉందా లేదా, సర్వే హద్దులు సరిపోయాయా లేదా. పొదుపు పుస్తకం రాసిన చేత్తోనే ఇదీ రాయాలి. పేరు లేనివాళ్ళ అర్జీలన్నీ కలిపి ఒకేసారి ఐటీడీఏలో ఇవ్వాలి. ఒక్కతే వెళ్తే రేపు రమ్మంటారు, వందమంది వెళ్తే కుర్చీ వేస్తారు.

రెండు. పట్నం సంఘాల్లో క్యాటరింగు, టిఫిను బళ్ళు, కర్రీ పాయింట్లు నడిపే అక్కలు చాలామంది ఉన్నారు. పసుపు, అల్లం, చోళ్ళు, రాజ్మా, మిరియాలు, అడ్డాకు విస్తళ్ళు మా సంఘాల నుంచే కొనండి. మీకు కల్తీ లేని సరుకు, మాకు కాటా మోసం లేని ధర. ముందు ఒక నెల చూద్దాం. లెక్క కుదరకపోతే కూర్చుని మాట్లాడుకుందాం. అక్కచెల్లెళ్ళ మధ్య కూడా బేరం స్పష్టంగా ఉంటేనే మంచిది.

మూడు. మా ఆడపిల్లల్ని ఇంటి పని అని, షాపులో పని అని చెప్పి పట్నం తీసుకొచ్చేవాళ్ళున్నారు. కొందరు పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో తల్లిదండ్రులకి తెలియడం లేదు. మీ వీధిలో కొండ పిల్ల ఎవరింట్లోనైనా కనపడితే, "ఏ ఊరమ్మా నీది? ఇంటికి ఫోన్ చేస్తున్నావా?" అని ఒక్క మాట అడగండి. జవాబు తేడాగా ఉంటే సమాఖ్యకి కబురు పెట్టండి. హాస్టల్లో చదువుకుంటున్న మా పిల్లలకి జ్వరం వస్తే, కొండనుంచి మేం దిగేలోపు ఒక అక్క వెళ్ళి చూడగలిగితే అంతకంటే ఏం కావాలి.

నాలుగు. డోలీ. రోడ్డు లేని ఊళ్ళనుంచి నిండు గర్భిణిని ఇప్పటికీ కర్రకి కట్టిన దుప్పటిలో మోసుకొస్తున్నాం. ఏ ఊరికి రోడ్డు లేదో, ఎన్ని మైళ్ళు మోయాల్సి వస్తోందో ప్రతి మండల సమాఖ్య రాసివ్వాలి. ఆ జాబితా ఈ సమాఖ్య పేరుతో కలెక్టరు గారికి వెళ్ళాలి. పట్నం సంఘాలు కూడా దాని మీద సంతకం పెట్టాలని అడుగుతున్నాం. ఎందుకంటే, రోడ్డు లేని ఊరివాళ్ళు ఒక్కళ్ళే అడిగితే "కొండమీద ఎవరుండమన్నారు?" అనే మాట మేం విన్నాం.

అక్కలారా, మేం ఆ కొండల మీద ఎందుకు ఉంటున్నామంటే, అది మా ఇల్లు గనక. మేం అక్కడ ఉండబట్టే ఆ అడవి ఉంది, ఆ అడవి ఉండబట్టే గెడ్డ పారుతోంది, గెడ్డ పారబట్టే పట్నం కుళాయిలో నీళ్ళున్నాయి. మా పెద్దలు కుంచం ఉప్పుకి పోగొట్టుకున్నదాన్ని చట్టాలు కొంత తిరిగి ఇచ్చేయి. ఆ చట్టాలు కాగితం మీద ఉన్నంతకాలం కాగితమే. సంఘంలో పదిమంది కలిసి చదివి, అడిగి, సంతకం పెట్టించుకున్న రోజున అది భూమి అవుతుంది. ఈ నాలుగు మాటల్నీ తీర్మానాలుగా తీసుకుని, వచ్చే ఏడాది నివేదికలో ఎన్ని పత్రాల మీద మన పేర్లు ఎక్కేయో అంకెల్లో రాయాలని కోరుతున్నాం.